చెవిలోని కాల్షియం ద్వారం: కంచరి వీధి నుంచి జన్యు చికిత్స దాకా

ఈ వారం వ్యాసం సైన్స్ అండ్ టెక్నాలజీకి, ఆధునిక చరిత్రకు మధ్య ఉన్న అంశం మీద. జీఎస్-1లో పారిశ్రామిక విప్లవం చదువుతాం, జీఎస్-2లో వికలాంగుల హక్కులు, జీఎస్-3లో బయోటెక్నాలజీ చదువుతాం. ఈ మూడూ ఒకేచోట కలిసే విషయాలు తక్కువ. లోపలి చెవిలోని కేశ కణాల చరిత్ర అలాంటిది.

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. పెద్ద చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేస్తే చెవుడు వస్తుందని 1713 నాటికే పుస్తకంలో రాశారు. చెవి లోపల ఏది నశిస్తుందో 1890 నాటికి సూక్ష్మదర్శిని కింద చూశారు. అయినా ఆ చెవుడుకు పరిహారం, నివారణ అనే మాటలు చట్టంలోకి రావడానికి 20వ శతాబ్దం సగం గడవాల్సి వచ్చింది. ఎందుకు? విజ్ఞానం చాలక ఆగారా, లేక విజ్ఞానం ఉన్నా కదలలేదా?

1. మొదటి అంచె: పనివాడికి తెలిసిన నిజం

వృత్తి వ్యాధుల అధ్యయనానికి ఆద్యుడిగా మనం చదువుకునే బెర్నార్డినో రామజ్జిని ఇటలీ వైద్యుడు. 1700లో వచ్చిన ఆయన గ్రంథపు 1713 కూర్పులో వెనిస్ నగరపు రాగి పనివాళ్ల ప్రస్తావన ఉంది. రోజంతా రాగి రేకును సుత్తితో సాగగొట్టేవాళ్లకు మొదట వినికిడి మందగిస్తుందని, ముసలితనానికి పూర్తి చెవుడు వస్తుందని ఆయన గమనించాడు. శ్రీకాకుళం జిల్లా బుడితి, జనగామ జిల్లా పెంబర్తి లాంటి లోహపు పని ఊళ్లు చూసినవారికి ఆ వీధి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

1831లో జాన్ ఫాస్‌బ్రోక్ అనే ఇంగ్లండ్ వైద్యుడు కమ్మరుల చెవుడు గురించి లాన్సెట్ పత్రికలో రాశాడు. కానీ పరిశోధన పద్ధతి పరంగా మనం గుర్తుంచుకోవాల్సిన పేరు థామస్ బార్. 1886లో ఈయన గ్లాస్గో నగరంలో 100 మంది బాయిలర్ తయారీ కార్మికులను పరీక్షించాడు. అంతటితో ఆగకుండా పోలిక కోసం 100 మంది ఇనుప పోత కార్మికులను, 100 మంది ఉత్తరాలు పంచేవాళ్లను కూడా పరీక్షించాడు. పరికరం ఒక గడియారం. దాని టిక్ టిక్ ఎంత దూరం నుంచి వినపడుతుందో కొలిచాడు. బాయిలర్ కార్మికుల్లో ఒక్కరికి కూడా మామూలు వినికిడి లేదు.

కారణం ఆ పనిలోనే ఉంది. ఆవిరి బాయిలర్‌కు బయటినుంచి ఒకడు రివెట్ కొడుతుంటే, లోపల ఇంకొకడు కూర్చుని దాన్ని పట్టుకోవాలి. అంటే ఇనుప డబ్బాలో కూర్చుని, ఆ డబ్బా మీద సుత్తి దెబ్బలు వినడం. అందుకే ఈ జబ్బుకు ఇంగ్లండులో 'బాయిలర్ కార్మికుల చెవుడు' అనే పేరే స్థిరపడింది. పారిశ్రామిక విప్లవం అంటే ఆవిరి యంత్రం, రైలు, నౌక అని చదువుతాం. ఆ మూడింటికీ బాయిలర్ కావాలి. ఆ బాయిలర్ ధరలో కలపని ఖర్చు పనివాడి చెవి.

2. రెండో అంచె: సూక్ష్మదర్శిని కింద చెవి

1851లో ఇటలీకి చెందిన అల్ఫోన్సో కోర్టి, జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో పనిచేస్తూ, నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తం లోపలి నిర్మాణాన్ని వర్ణించాడు. అదే మన పాఠ్యపుస్తకాల్లోని 'కోర్టి అవయవం'. అందులో వరుసగా నిలబడ్డవి కేశ కణాలు. పేరులో కేశం ఉన్నా ఇవి వెంట్రుకలు కావు. కణం నెత్తిన ఉండే అతి సన్నని పుల్లల కట్ట. మనిషి ఒక్కో చెవిలో లోపలి వరుస కేశ కణాలు సుమారు 3,500, బయటి వరుసలవి సుమారు 12,000. మన కంటి రెటీనాలో కాంతి గ్రాహకాలు కోట్లలో ఉంటాయని గుర్తు చేసుకుంటే, ఇది ఎంత చిన్న పెట్టుబడో అర్థమవుతుంది. పైగా క్షీరదాల్లో ఇవి ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. పక్షుల్లో మళ్లీ పుడతాయని 1988లో తేలింది. మనకు ఆ అదృష్టం లేదు.

1890లో హేబర్‌మాన్ అనే వైద్యుడు చెవుడు వచ్చిన ఒక లోహ కార్మికుడి చెవి ఎముకను మరణానంతరం పరిశీలించాడు. ఆ వృద్ధుడు వస్తున్న రైలు చప్పుడు వినపడక ప్రాణం పోగొట్టుకున్నవాడు. కర్ణావర్తం మొదటి చుట్టులో, అంటే కీచు స్వరాలు వినే భాగంలో, కేశ కణాలు నశించి కనిపించాయి. రామజ్జిని వీధిలో చూసినది హేబర్‌మాన్ కణంలో చూశాడు.

తర్వాతి ప్రశ్న శబ్దం కణం దాకా ఎలా చేరుతుందన్నది. హెల్మ్‌హోల్ట్జ్ 1863లో చెవిని వీణ తంత్రుల వరుసలా ఊహించాడు: ఒక్కో స్వరానికి ఒక్కో చోటు కంపిస్తుంది. బుడాపెస్ట్‌లో టెలిఫోన్ పరిశోధన చేసిన గియోర్గ్ ఫాన్ బెకెషి, కర్ణావర్తంలో శబ్దం అలలా ప్రయాణిస్తుందని మృతుల చెవులలో చూసి చూపించాడు. దానికే 1961 నోబెల్ బహుమతి. టెలిఫోన్ కంపెనీలకు చెవి మీద ఆసక్తి ఉండటంలో ఆశ్చర్యం లేదు. డెసిబెల్ అనే కొలమానం కూడా 1920లలో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల నుంచి వచ్చిందే. బార్ గడియారం స్థానంలో ఆడియోమీటర్ వచ్చింది. చప్పుడుకు దెబ్బతిన్న చెవి గ్రాఫులో సుమారు 4,000 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట పడుతుంది. అంటే జబ్బుకు ఒక సంతకం దొరికింది.

3. మూడో అంచె: కాల్షియం కథ

ఇక్కడ కథ చెవిని వదిలి గుండెకు వెళ్తుంది. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పు ద్రావణంలో కొట్టుకునేలా ఉంచేవాడు. ఒకసారి డిస్టిల్డ్ వాటర్‌తో చేయాల్సిన ద్రావణాన్ని కుళాయి నీటితో చేశారని తర్వాత తెలిసింది. కుళాయి నీటితో గుండె చక్కగా కొట్టుకుంది, డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తే ఆగిపోయింది. తేడా లండన్ నీటిలోని కాల్షియం. ఎముకలకు సున్నం అనుకున్న మూలకం, జీవకణానికి సంకేతం అని తెలిసిన సందర్భం ఇది.

నాజీల కాలంలో జర్మనీ వదిలి 1935లో ఇంగ్లండు చేరిన బెర్నార్డ్ కాట్జ్, నాడీకణం చివర రసాయన సంకేతం విడుదల కావాలంటే కాల్షియం లోపలికి రావాలని 1960లలో మిలెడితో కలిసి చూపించాడు. 1970లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే ఇది ఒక వాల్వ్. కణం బయట కాల్షియం గాఢత లోపలికంటే సుమారు 10,000 రెట్లు ఎక్కువ. డ్యామ్ గేటు వెనక నీరు నిలిచినట్టు కాల్షియం బయట నిలిచి ఉంటుంది. వోల్టేజీ మారగానే గేటు తెరుచుకుంటుంది.

ఈ రెండు దారులు 1970ల చివర కలిశాయి. 1977లో జిమ్ హడ్‌స్పెత్, డేవిడ్ కోరీ కప్ప లోపలి చెవిలోని కేశ కణం పుల్లల కట్టను సన్నని గాజు మొనతో వంచి, కణం వోల్టేజీ మారడం నేరుగా కొలిచారు. రాబర్ట్ ఫెటిప్లేస్ తాబేలు చెవిలో ఇలాంటి పని చేశాడు. వినికిడి జన్యువులను వెలికితీసిన క్రిస్టీన్ పెటిట్‌తో కలిపి హడ్‌స్పెత్, ఫెటిప్లేస్‌లకు 2018 కవ్లీ బహుమతి వచ్చింది. ప్రిలిమ్స్‌కు ఈ మూడు పేర్లు గుర్తుంచుకోండి.

ఇప్పుడు మొత్తం గొలుసు చూద్దాం. శబ్దానికి పుల్లల కట్ట వంగుతుంది. పుల్లల కొనల్లోని ద్వారాలు తెరుచుకుని ప్రధానంగా పొటాషియం లోపలికి వస్తుంది. కణం వోల్టేజీ మారుతుంది. ఆ మార్పుకు కణం అడుగుభాగంలోని కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం రాగానే ఓటోఫెర్లిన్ అనే ప్రోటీన్ దాన్ని గుర్తిస్తుంది. గ్లుటమేట్ సంచులు పగిలి శ్రవణ నాడికి కబురు అందుతుంది. గాలి కంపనం నాడి భాషలోకి మారే చివరి గడప ఈ కాల్షియం ద్వారమే.

ఈ ద్వారం పేరు కావ్ 1.3. ఎల్-టైప్ కాల్షియం ద్వారాల కుటుంబంలో ఇది ఒకటి. చాలా తక్కువ వోల్టేజీ మార్పుకే తెరుచుకోవడం, తెరుచుకున్నాక త్వరగా అలసిపోయి మూసుకోకపోవడం దీని ప్రత్యేకతలు. వినికిడికి ఈ రెండూ కావాలి, ఎందుకంటే చెవికి కన్ను లాంటి రెప్ప లేదు, విరామం లేదు. లోపలి కేశ కణంలో కాల్షియం ప్రవాహంలో దాదాపు 90 శాతం దీనిద్వారానే వెళ్తుంది.

2000లో ఆస్ట్రియాలోని స్ట్రీస్‌నిగ్ బృందం ఈ ద్వారం లేని ఎలుకలను సృష్టించింది. అవి పుట్టు చెవిటివి. పైగా వాటి గుండె నెమ్మదిగా, క్రమం తప్పి కొట్టుకుంది. గుండె లయను నడిపే కణాల్లో కూడా ఇదే ద్వారం ఉంది కాబట్టి. 2011లో పాకిస్తాన్‌లోని రెండు కుటుంబాల్లో ఇదే లోపం మనుషుల్లో కనిపించింది: పుట్టు చెవుడు, దానితోపాటు గుండె లయలో నెమ్మది. జన్యువులో మూడు అక్షరాలు అదనంగా చేరడమే కారణం. రింగర్ కప్ప గుండెతో మొదలైన కథ, చెవి గుండె ఒకే ద్వారాన్ని పంచుకుంటున్నాయన్న చోటికి చేరింది.

ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు బీపీకి వేసుకునే అమ్లోడిపిన్ కూడా ఎల్-టైప్ కాల్షియం ద్వారాలను అడ్డుకునే మందే కదా, మరి చెవుడు రాదా? కావ్ 1.3కి ఈ రకం మందులంటే స్పందన తక్కువ. రక్తనాళాల్లోని ద్వారం వేరే రకం. కాబట్టి ఆ భయంతో ఎవరూ మాత్ర మానేయకూడదు.

4. 1959లో ఏం తెలుసు?

నేను ఉండేది భిలాయిలోని నెహ్రూ నగర్‌లో. ఈ ఊరి పుట్టుక రెండో పంచవర్ష ప్రణాళికలో భాగం. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. విశాఖ ఉక్కుకు శంకుస్థాపన 1971లో జరిగింది. అంతకుముందే మనవాళ్లు ఉక్కు పని నేర్చుకున్న ఊళ్లలో ఇదొకటి.

ఉక్కు పరిశ్రమ ఎక్కడైనా చప్పుడు పరిశ్రమే. బ్లోయర్, కంప్రెసర్, రోలింగ్ మిల్లు, రంపం, ఆవిరి వాల్వ్ అన్నీ ఉంటాయి. కాబట్టి ఒక తేదీ పెట్టుకుని లెక్క చూద్దాం. 1959 నాటికి రామజ్జిని 1713 కూర్పుకు 246 ఏళ్లు. బార్ పరిశోధనకు 73 ఏళ్లు. హేబర్‌మాన్ చూసిన కణాలకు 69 ఏళ్లు. కావ్ 1.3 ఎలుకలు రావడానికి ఇంకా 41 ఏళ్లు ఉంది. అంటే ఆ దశాబ్దంలో ప్రపంచంలో ఎక్కడ కర్మాగారం కట్టినా, అమెరికాలోగానీ, రష్యాలోగానీ, భారత్‌లోగానీ, కార్మికుడి చెవిని కాపాడటానికి అవసరమైనంత విజ్ఞానం అప్పటికే ఉంది. కాల్షియం ద్వారం తెలియకపోయినా ఇయర్ మఫ్ పనిచేస్తుంది. మశూచి వైరస్‌ను చూడకముందే టీకా పనిచేసినట్టు.

5. చట్టం నడిచిన వేగం

మరి చట్టం ఎందుకు ఆలస్యమైంది? ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, పరిహార చట్టాలు ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టాయి. వేలు తెగితే ఆ రోజు, ఆ గంట చెప్పవచ్చు. చెవుడు ఏ రోజు వచ్చింది? మన 1923 కార్మికుల నష్టపరిహార చట్టంలో సంపూర్ణ చెవుడుకు 100 శాతం వైకల్యం అని ఉండేది. కానీ చప్పుడు చెవుడు సంపూర్ణం కాదు. అది ముందు కీచు స్వరాలను, తర్వాత మాటలోని స, త, ప లాంటి హల్లులను తినేస్తుంది. మనిషికి శబ్దం వినిపిస్తుంది, మాట అర్థం కాదు.

రెండోది, వేతన నష్టం అనే తర్కం. వినికిడి తగ్గినా పనివాడు అదే మిషన్ మీద అదే జీతానికి పని చేస్తూనే ఉంటాడు కదా, ఇక నష్టమేముంది అన్నది యజమానుల వాదన. అమెరికాలో న్యూయార్క్ అప్పీళ్ల కోర్టు 1948లో, విస్కాన్సిన్ సుప్రీం కోర్టు 1953లో ఈ వాదనను తోసిపుచ్చాయి. జీతం తగ్గకపోయినా శరీరానికి జరిగిన నష్టం నష్టమేనన్నాయి.

మూడోది, సామాజిక దృష్టి. 'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అని మనమే అంటాం. సామెతలో తప్పు వినలేనివాడిది. శంఖం ఎవరు ఊదారు, ఎంతసేపు ఊదారు అని సామెత అడగదు. వినికిడి లోపం నవ్వులాటగా ఉన్నంత కాలం దాన్ని గాయంగా చూడటం కష్టం.

భారత్‌లో 1948 ఫ్యాక్టరీల చట్టంలోని మూడో షెడ్యూలు తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధుల జాబితాగా ఉండేది. మొదట్లో అందులో సీసం, పాదరసం, సిలికోసిస్ లాంటివి ఉన్నాయి. చప్పుడు చెవుడు తర్వాతి సవరణల్లో చేరింది. ఫ్యాక్టరీల నమూనా నియమాల ప్రకారం 8 గంటలకు పరిమితి 90 డెసిబెల్స్. 1987లో వాయు చట్టం సవరణతో శబ్దం కూడా వాయు కాలుష్యం అయింది. 2000 శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని పెట్టాయి. 1995లో సుప్రీం కోర్టు ఆస్‌బెస్టాస్ కేసులో కార్మికుడి ఆరోగ్యం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. పనిచోట న్యాయమైన, మానవీయమైన పరిస్థితులు కల్పించాలని 42వ అధికరణ ఎలాగూ చెబుతోంది. 13 కేంద్ర చట్టాలను కలిపిన 2020 వృత్తి భద్రత కోడ్‌లో కూడా ఈ చెవుడు జాబితాలో ఉంది.

6. దాగిన నష్టం: పరిమితి ఎక్కడ గీయాలి?

ఇక్కడే కణ స్థాయి పరిశోధన విధానాన్ని ప్రశ్నిస్తుంది. 2009లో కుజావా, లిబర్‌మన్ ఎలుకలకు 2 గంటలపాటు 100 డెసిబెల్స్ శబ్దం వినిపించారు. కొద్ది రోజుల్లో వినికిడి పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. కేశ కణాలు బతికే ఉన్నాయి. కానీ కేశ కణానికి, నాడికి మధ్య ఉన్న సంధుల్లో కొన్ని చోట్ల సగం దాకా శాశ్వతంగా పోయాయి. కాల్షియం ద్వారాలు అతిగా పనిచేయడం, గ్లుటమేట్ వరదలా విడుదలవడం ఈ నష్టానికి దారితీస్తాయని భావిస్తున్నారు. దీనికి 'దాగిన వినికిడి నష్టం' అని పేరు వచ్చింది. నిశ్శబ్ద గదిలో పరీక్ష పాసయ్యే చెవి, పెళ్లి భోజనాల గోలలో పక్కవాడి మాట పట్టుకోలేదు.

ఎలుక ఫలితాన్ని మనిషికి అలాగే అన్వయించలేం, మనుషుల్లో దీన్ని కొలవడం ఇంకా కష్టంగానే ఉంది. కానీ ఒక లెక్క చూడండి. డెసిబెల్ లాగరిథమ్ కొలత. 3 పెరిగితే శక్తి రెట్టింపు, 10 పెరిగితే 10 రెట్లు. మన నమూనా నియమాల పట్టికలో ప్రతి 5 డెసిబెల్స్‌కు సమయం సగం అవుతుంది: 90కి 8 గంటలు, 95కి 4, 100కి 2 గంటలు. అమెరికాకు చెందిన వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1998లో చేసిన సిఫార్సు 85 డెసిబెల్స్‌కు 8 గంటలు, ప్రతి 3కి సమయం సగం. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర అనుమతి 15 నిమిషాలే. అదే చప్పుడు, ఒక పట్టికలో 2 గంటలు, ఇంకో పట్టికలో 15 నిమిషాలు. ఈ తేడా భౌతికశాస్త్రం నుంచి రాలేదు. ఎంత నష్టాన్ని సమాజం భరించవచ్చు అన్న నిర్ణయం నుంచి వచ్చింది.

2016 వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ మాట స్వరాల దగ్గర 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టాన్ని వినికిడి మందగింపుగా, 70 దాటితే చెవుడుగా గుర్తిస్తుంది. ధ్రువపత్రానికి గీత అవసరమే. కానీ ఆ గీతకు ఇవతల ఉన్నవాడికి నష్టం లేదని అర్థం కాదు.

7. వైద్యం ఎక్కడిదాకా వచ్చింది?

కేశ కణం పోయినా నాడి బతికి ఉంటే, కాక్లియర్ ఇంప్లాంట్ నేరుగా నాడికి విద్యుత్ సంకేతం పంపుతుంది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వెనుకబడిన జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీలో పిల్లలకు ఈ శస్త్రచికిత్సను చేర్చారు. అదే ఏడాది జాతీయ చెవుడు నివారణ కార్యక్రమం మొదలైంది. 2024 జనవరిలో చైనా వైద్యులు, ఓటోఫెర్లిన్ జన్యులోపంతో పుట్టిన పిల్లలకు లోపలి చెవిలో మంచి జన్యువును చేర్చిన ఫలితాలు లాన్సెట్‌లో ప్రకటించారు. 6 మందిలో 5 మందికి వినికిడి మెరుగైంది. కాల్షియం కబురు అందుకునే ప్రోటీన్‌ను తిరిగి నిలబెట్టగలిగారు. ఫాస్‌బ్రోక్ కమ్మరుల గురించి రాసింది ఇదే పత్రికలో, 193 ఏళ్ల ముందు.

కానీ ఈ చికిత్స పుట్టుకతో వచ్చే ఒక జన్యులోపానికి. చప్పుడుకు చచ్చిన కేశ కణాన్ని తిరిగి మొలిపించే మందు ఇప్పటికీ లేదు. కార్మికుడికి సంబంధించినంత వరకు 1886లోనూ ఇప్పుడూ ఉన్న మార్గం ఒక్కటే: చప్పుడును పుట్టేచోట తగ్గించడం, దారిలో అడ్డుకోవడం, చివరగా చెవిని కప్పడం.

ముగింపు

మొదటి ప్రశ్నకు జవాబు ఇదీ. చెవిని కాపాడటానికి విజ్ఞానం ఎప్పుడూ కొరత కాలేదు. ఆ విజ్ఞానం పనివాడి అనుభవంగా ఉన్నంత కాలం దాన్ని సాక్ష్యంగా ఒప్పుకోలేదు. కణంలో చూపిస్తే గ్రాఫు అడిగారు. గ్రాఫు వచ్చాక జీతం తగ్గిందా అని అడిగారు. కావ్ 1.3 దాకా వెళ్లిన పరిశోధన గొప్పదే, పుట్టు చెవిటి పిల్లలకు అది దారి తెరిచింది. కానీ పరిశోధన పూర్తయ్యేదాకా నివారణ ఆగాలన్న నియమం ఏమీ లేదు. రేపు మనలో ఒకరు జిల్లా కలెక్టర్‌గానో, కార్మిక శాఖలోనో కూర్చున్నప్పుడు ముందుకొచ్చే ఫైలు ఇలాంటిదే కావచ్చు: కీటకనాశిని, సిలికా ధూళి, వేడి. 'శాస్త్రీయంగా ఇంకా తేలలేదు' అన్న వాక్యం అందులో ఉంటే, ఏ భాగం తేలలేదో, ఏ భాగం 100 ఏళ్ల కిందటే తేలిందో విడదీసి చదవండి.

ప్రిలిమ్స్ కోసం గుర్తుంచుకోండి

• కోర్టి అవయవం – 1851. బెకెషి నోబెల్ – 1961. కవ్లీ బహుమతి – 2018
• కావ్ 1.3 – లోపలి చెవి కేశ కణాలు, గుండె లయ కణాలు రెండింటిలోనూ ఉంటుంది
• నివాస ప్రాంత శబ్ద పరిమితి – పగలు 55, రాత్రి 45. పారిశ్రామిక ప్రాంతం – 75, 70 డెసిబెల్స్
• ప్రపంచ వినికిడి దినం – మార్చి 3

మెయిన్స్ సాధన ప్రశ్న: "వృత్తి వ్యాధుల నివారణలో శాస్త్రీయ నిర్ధారణ కంటే సామాజిక గుర్తింపే ఆలస్యమవుతుంది." చప్పుడు వల్ల వచ్చే చెవుడు చరిత్ర ఆధారంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

జవాబు రాసేటప్పుడు ఒక సూచన: బార్ పరిశోధనతో మొదలుపెట్టి, 1948 తీర్పు, 42వ అధికరణ, 2 గంటలు–15 నిమిషాల పోలిక, ఈ నాలుగూ వచ్చేలా చూసుకోండి. కాల్షియం ద్వారానికి రెండు వాక్యాలు చాలు.